అడుగున కొట్టించిన పేరు

గోదాదేవి బాటిల్ మూత తీసి చిటికెన వేలు లోపలికి ముంచింది. తీసి, ఆ వేలివైపే కాసేపు చూసింది. పొద్దున తాను పోసినవి పొగలు కక్కే నీళ్లు. సాయంత్రం ఇంటికి తిరిగొచ్చినవి కుండలో నీళ్లలా ఉన్నాయి.

"దీన్ని ఎవరు తాకినారే?" అంది కూతురితో.

నాలుగో తరగతి చదివే కమలిని గడపలో కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. "ఎవరూ తాకలేదమ్మా."

"ఎవరూ తాకకుండానే చల్లబడినాయా?"

"నాకేం తెలుసు. మధ్యాన్నం నేను తాగేటప్పటికే చల్లగా ఉన్నాయి."

"చల్లటివి ఎందుకు తాగినావు మరి?"

"దప్పికైతే ఏం చేసేది?"

ధనుర్మాసం వచ్చిందంటే చాలు, ఆ పిల్ల గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. చన్నీళ్లు తాగనీయకండి, గోరువెచ్చనివి గుక్కగుక్కగా తాగించండి అని డాక్టరు మామూలుగానే చెప్పాడు. గోదాదేవి చెవికి మాత్రం అది ఒక్క గుక్క చన్నీళ్లు తాగితే పిల్ల దక్కదు అన్నట్టు వినిపించింది. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. డాక్టర్లు ఎప్పుడూ సగమే చెబుతారని, మిగతా సగం మనమే ఊహించుకోవాలని ఆమె నమ్మకం.

ఆ సగం ఊహించుకునే, గాంధీరోడ్డు మొత్తం తిరిగి ఈ స్టీలు బాటిల్ కొన్నది. అంగడివాడి ప్రాణం తోడేసింది. మూతి వెడల్పుగా ఉన్నవి వద్దంది. వాళ్లింట్లో ఎంగిలి పట్టింపు ఎక్కువ. పిల్ల పెదవి తగలకుండా ఎత్తి పోసుకోవాలి, వెడల్పు మూతయితే నీళ్లన్నీ యూనిఫారం మీదే. గొట్టంతో పీల్చేవి వద్దంది, ఆ గొట్టం లోపల ఏం పురుగు చేరుతుందో ఎవరు చూడొచ్చారు. సన్నమూతి బాటిల్ ఒకటి నచ్చింది. దాని రబ్బరు ఊడదీసి వాసన చూసింది. లోపలికి ఫోను లైటు వేసి చూసింది.

"రెండు పొరలమ్మా," అన్నాడు అంగడివాడు. "లోపల ఒక డబ్బా, బయట ఒక డబ్బా. నడమ గాలి కూడా ఉండదు. అందుకే వేడి పోదు."

"గాలి లేదని ఎట్ల నమ్మేది?"

"నమ్మాలంటే కోసి చూడాలమ్మా. కోస్తే గాలి దూరతాది. ఇంక అది ఉత్త చెంబు."

అంగట్లో ఉన్నవాళ్లు నవ్వారు. గోదాదేవి నవ్వలేదు. వాడు డబ్బాలో పెట్టి ఇస్తూ ఇంకో మాట కూడా అన్నాడు. "అడుగున మాత్రం దెబ్బ తగలనీయొద్దు. సీలు ఆడనే ఉండాది."

అదిగో, రేపు పాడైతే తప్పించుకోవడానికి ఇప్పుడే దారి వేసుకుంటున్నాడు అనుకుంది గోదాదేవి. కింద పెట్టకుండా బాటిల్‌ని నెత్తిన పెట్టుకుంటారా ఎవరైనా.

ఆ ఆదివారం ఇంట్లోనే పరీక్ష పెట్టింది. పొద్దున మరిగే నీళ్లు పోసి, దేవుడి గూటి పక్కన పెట్టి, దీపాలు పెట్టే వేళకు తీసింది. నాలుక చుర్రుమంది. బాటిల్ ఒళ్లు మాత్రం నీడన పెట్టిన రాతిలా చల్లగా ఉంది. గోదాదేవి మొదటిసారి అంగడివాణ్ణి మనసులో మెచ్చుకుంది.

కానీ ఆ మనసు ఒకచోట నిలిచేది కాదు. బాటిల్ మంచిదని తేలగానే, మంచిదైతే ఎవరైనా మార్చేస్తారు కదా అన్న దిగులు పట్టుకుంది. క్లాసులో సగం మందికి అదే నీలంరంగు బాటిల్. గోదాదేవి ఇంట్లో పేరు లేని పాత్ర లేదు. పెళ్లిలో వచ్చిన గంగాళం నుంచి పులిహోర గరిటె దాకా అన్నిటి మీదా ఎవరిదో ఒకరి పేరు చుక్కచుక్కలుగా కొట్టి ఉంటుంది. ఈ బాటిల్ ఒక్కటే అనాథలా ఎందుకుండాలి? మరునాడు దాన్ని సంచిలో పెట్టుకుని, పాత్రల అంగళ్ల ముందు ఉలి, సుత్తి పెట్టుకుని కూర్చునే ముసలాయన దగ్గరికి వెళ్లింది.

"ఈడ పక్కన కొడతానమ్మా, బాగా కనపడతాది," అన్నాడాయన.

"కనపడకూడదు. అడుగున కొట్టు."

"అడుగునా? ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడకూడదనే. పేరు కనపడితే దొంగ జాగర్త పడతాడు. కనపడకుంటే తీసుకుంటాడు. అప్పుడు నేను తిప్పి చూపిస్తాను."

ఆయన ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి, బాటిల్ని బోర్లించి, అడుగున నట్టనడుమ కమలిని అని కొట్టాడు. టక్ టక్‌మని ఆ ఉలి దెబ్బలు పడుతుంటే గోదాదేవికి తాళం వేసినంత నిమ్మళంగా అనిపించింది. ఇంటికొచ్చి, పాత శాలువా ముక్కతో బాటిల్‌కి మందంగా ఒక తొడుగు కుట్టి, తాడు వేసింది. అది మొదలు ఆ బాటిల్ బడికి వెళ్తోంది. అది మొదలు నీళ్లు చల్లగా వస్తున్నాయి.

ఇంట్లో పెడితే దీపాలవేళ దాకా వేడి. బడికి పోతే మధ్యాహ్నానికే చల్లన. తేడా ఎక్కడుంది? బడిలో ఉంది. గోదాదేవి లెక్కలో ఎక్కడా తప్పు కనిపించలేదు.

"బాటిళ్లన్నీ ఎవరు పెడతారు బడిలో?" అని అడిగింది.

"గంగులమ్మ. వరండాలో అరల్లో వరసగా పెడుతుంది. అన్నం బెల్లు కొట్టినాక ఎవరిది వాళ్లకు ఇస్తుంది."

"నీదొక్కటే పక్కన పెడుతుందా?"

కమలిని ఆలోచించింది. "నాది పైఅరలో పెడుతుంది. ఎవరూ తన్నకుండా."

అదన్నమాట సంగతి, అనుకుంది గోదాదేవి.

మరునాడు పొద్దున చెంగయ్య ఆటో కోసం వీధి మొగలో నిలబడినప్పుడు మోహనతో చెప్పింది. మోహన పై వీధిలో ఉంటుంది. వాళ్లది బంగారుపాళ్యం దగ్గర మామిడితోటల కుటుంబం. కూతురు ఐశ్వర్యది కూడా కమలిని తరగతే. అదే రంగు బాటిల్, అదే అంగడి.

"మావి వేడిగానే వస్తాండాయి గోదక్కా," అంది మోహన. "నిన్న సాయంత్రం మిగిలిన నీళ్లు చెట్లకు పోద్దామని చూస్తే చెయ్యి కాలింది."

"అదే చెప్తాండా. మీవి వేడి, మావి చల్లన. ఒకే అర, ఒకే ఆయా. అంటే ఏంది అర్థం?"

"నాకేం అర్థం కాలేదు."

"మావి పారబోసి కొళాయి నీళ్లు పడతాండాది."

మోహన నోరు తెరిచింది. "ఆ నీళ్లేం పాలా, నెయ్యా, పారబోసి మార్చుకోను? గంగులమ్మకు అంత తీరికుంటే ఆ బడి వరండా ఇంకొంచెం శుభ్రంగా ఉండేది. నీకు పోలీసు ఉద్యోగం రాకపోవడం తిరుపతి దొంగల అదృష్టం అక్కా."

ఈలోగా ఆటో వచ్చింది. బ్యాగు తగిలించుకుని ఎక్కబోతున్న కమలిని, "అమ్మా, వీపు కాలతాండాది," అంది. గోదాదేవి గబుక్కున పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. జ్వరం లేదు. మెడ కింద చూసింది. లేదు. అయినా ఎందుకైనా మంచిదని స్వెట్టర్ బొత్తాం ఇంకొకటి పెట్టి పంపింది. పిల్ల వీపున బ్యాగు, బ్యాగులో బాటిల్ ఉన్నాయని ఆమెకు తట్టలేదు. జ్వరం వస్తుందేమోనన్న భయంతో ఆ పొద్దంతా గడిచిపోయింది.

ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతుంటే, గంగులమ్మకు తన మీద కోపం ఎందుకుండాలో కూడా దొరికింది. బడి తెరిచిన కొత్తలో గేటు దగ్గర, పిల్లల బాటిల్ తాకేముందు చెయ్యి కడుక్కో గంగులమ్మా అని తనే అంది. అప్పుడు ఆ మనిషి ఏమీ అనలేదు. ఒకసారి చూసి తల తిప్పుకుంది. ఏమీ అనని మనుషులే లోపల పెట్టుకుంటారు. ఎంతకాలమైనా పెట్టుకుంటారు.

రాత్రి భోజనాల దగ్గర భర్త పరాశర్‌తో చెప్పింది. ఆయన ఒక గుడి ట్రస్టు ఆఫీసులో గుమాస్తా. ధనుర్మాసం కావడంతో పొద్దు పొడవకముందే లేచి వెళ్తున్నాడు. అన్నంలో సాత్తుముదు చారు కలుపుకుంటూ నిద్రకళ్లతో విన్నాడు.

"బాటిల్ చెడిపోయిందేమో," అన్నాడు.

"నేను పరీక్ష చేసినాను కదా."

"చేసినావు. ఆ మనిషినేమైనా చూసినావా, పారబోస్తాంటే?"

"చూసేట్టు ఎవరన్నా చేస్తారా? నిప్పు లేకుండా పొగ వస్తుందా?"

"నీకు నిప్పుతో పనేముంది గోదా. పొగ నువ్వే పెట్టుకోగలవు," అని ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఆ వారమంతా నీళ్లు చల్లగానే వచ్చాయి. శుక్రవారం కమలిని కొంచెం దగ్గింది. దగ్గు వినగానే గోదాదేవి పసుపు రాసుకున్న కాళ్లతోనే చెప్పులేసుకుని బడికి బయలుదేరింది.

హెడ్మాస్టర్ రాజారత్నం గది ఇరుకు. ఆయన జాగ్రత్తపరుడు, తల్లిదండ్రులు వచ్చారంటే ముందు కిటికీ మూసే మనిషి.

"సార్, నేను ఎవరి పేరూ చెప్పను," అంది గోదాదేవి. "పిల్లకు ఆయాసం అని మీకు తెలుసు. వేన్నీళ్లు పంపుతాండాను. చన్నీళ్లు తాగుతాండాది. బాటిళ్లు ఎవరి చేతుల్లో ఉంటాయో మీరే చూసుకోండి."

పేరు చెప్పకపోవడం తన మంచితనమని ఆమె అనుకుంది. బాటిళ్లు ఉండేది ఒక్క చేతిలోనే. గంగులమ్మను పిలిపించారు. కొంగు నడుముకు దోపుకుని, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఈ పాప బాటిల్లో నీళ్లు మారుస్తాండావా?" అన్నాడు రాజారత్నం.

"యా నీళ్లు సార్?"

"వేన్నీళ్లు పారబోసి కొళాయివి పడతాండావంట."

గంగులమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వబోయింది. గోదాదేవి ముఖం చూసి ఆపుకుంది. "ఆ యేన్నీళ్లతో నేనేం సేసుకుంటా సార్, తలకు పోసుకుంటానా?"

"మర్యాదగా మాట్లాడు."

"మర్యాదగానే సెప్తాండా. మూత కూడా నేను తియ్యను. తియ్యమని పిల్లోళ్లు ఇస్తే తీసిస్తా, అంతే." అప్పుడు గోదాదేవి వైపు తిరిగింది. "అమ్మా, నేను తాకితే సల్లబడిపోతాయా నీళ్లు? అంత సల్లని సెయ్యి నాకుండుంటే ఎండాకాలం ఫ్యాను కొనే పనే లేకపోయుండు."

గోదాదేవి నేల చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఈమె చేతుల మాట ఎందుకెత్తింది, అనుకుంది. ఆ మాటలో ఇంకేదో కూడా ఉందని తెలిసింది. దాన్ని తాకడానికి మనసు ఒప్పలేదు.

రాజారత్నం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడు గంగులమ్మా, నిజమో అబద్ధమో నాకు తెలీదు. ఆయాసం పిల్ల. రేపేమన్నా అయితే నా నెత్తికి చుట్టుకుంటాది. సోమవారం నుంచి రావద్దు. వేరే మనిషిని చూసుకుంటాం."

"కూతురు కాన్పుకొచ్చి ఇంట్లో ఉండాది సార్," అంది గంగులమ్మ. గొంతు పెంచలేదు. "ఇప్పుడు పని మానమంటే యాడికి పోయేది?"

రాజారత్నం కళ్లజోడు పెట్టుకుని కాగితాలు ముందుకు లాక్కున్నాడు. గోదాదేవి చెప్పులేసుకుని బయటికొచ్చింది. పిల్లను కాపాడుకున్నాననుకుంది. అయినా గేటు దాటేటప్పుడు కాళ్లు గబగబా నడిచాయి. దొంగతనం చేసింది తనే అయినట్టు.

సోమవారం గంగులమ్మ లేదు. కొత్త మనిషి ఇంకా దొరకలేదు, బాటిళ్లను పిల్లలే బల్లల కింద పెట్టుకున్నారు. సాయంత్రం గోదాదేవి ధైర్యంగా వేలు ముంచింది.

చల్లగా ఉన్నాయి.

ఆమె వేలు తుడుచుకుని ఇంకోసారి ముంచింది. గంగులమ్మ పోయినా నీళ్లు చల్లబడ్డాయంటే, ఇందులో ఇంకొకరున్నారు. చెంగయ్యేమో? ఆటోలో బ్యాగులన్నీ వెనకాల వేసేది అతనే. టీచరమ్మేమో? పిల్లల్లోనే ఎవరైనానేమో? రాత్రంతా ఒక్కొక్కరి ముఖం గుర్తు చేసుకుంది. తెల్లారేసరికి ఒక ఉపాయం తట్టింది. జీలకర్ర వేసి నీళ్లు కాచింది. లేత రంగు వచ్చింది, వాసన వచ్చింది. వాటినే బాటిల్లో పోసింది. ఎవరు మార్చినా కొళాయి నీళ్లకు రంగుండదు కదా. పట్టుకుంటాను ఈరోజు, అనుకుంది.

సాయంత్రం నీళ్లు గ్లాసులో వంచింది. అదే రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంది. అదే వాసన. వేలు పెట్టింది. చల్లన.

గోదాదేవి ఆ గ్లాసును చాలాసేపు పట్టుకుని కూర్చుంది. ఎవరూ నీళ్లు మార్చలేదు. తను పోసిన నీళ్లే ఇంటికి వచ్చాయి. అనుమానించడానికి ఒక్క మనిషి కూడా మిగల్లేదు. అలాంటి ఖాళీ ఆమెకు కొత్త. భయం వేసింది.

లేచి పొయ్యి వెలిగించింది. నీళ్లు తెర్లాయి. రోజూ బాటిల్‌ని మసిగుడ్డతో పట్టుకుని పోసేది, చేతి మీద పడితే బొబ్బలు లేస్తాయని. ఈరోజు మసిగుడ్డ కోసం కూడా చూడలేదు. శాలువా తొడుగు తీసేసి, ఉత్త చేత్తో పట్టుకుని నీళ్లు వంచింది. సగం నిండేసరికి అరచెయ్యి చుర్రుమంది. బాటిల్ సింకులో పడి దొర్లింది.

ఆదివారం పరీక్ష పెట్టిన రోజు దీని ఒళ్లు రాతిలా చల్లగా ఉంది. ఇప్పుడు పెనంలా కాలుతోంది. లోపలి వేడి బయటికి వచ్చేస్తోంది. రోజూ ఇంతే వచ్చిందేమో. మసిగుడ్డ, శాలువా అడ్డుండి తనకు తెలియలేదు. వీపు కాలతాండాదని పిల్ల చెప్పనే చెప్పింది. తను జ్వరం చూసింది.

బాటిల్ని బోర్లించింది. కమలిని అన్న చుక్కల నట్టనడుమ, గుండ్రంగా చిన్న గుంట. అందులో ఉండాల్సిన బిళ్లలాంటిది చిట్లిపోయి ఉంది. అడుగున మాత్రం దెబ్బ తగలనీయొద్దు, సీలు ఆడనే ఉండాది. అంగడివాడి మాట ఇప్పుడు చెవిలో అరిచినట్టు వినిపించింది. పైవీధికి పరిగెత్తి మోహన వాళ్ల బాటిల్ అడిగి తెచ్చింది. రెండిట్లోనూ నీళ్లు కాచి పోసి రెండు చేతులతో రెండిటినీ పట్టుకుంది. ఒక చెయ్యి చల్లగా ఉంది. ఇంకొక చెయ్యి తీసేయాల్సి వచ్చింది.

పరాశర్ వచ్చేసరికి ఆమె అరచేతికి వెన్న రాసుకుని గోడకానుకుని ఉంది. అంతా చెప్పింది. ఆయన బాటిల్‌ని తిప్పి అడుగు చూశాడు.

"సరే, కొత్తది కొనుక్కుందాం," అన్నాడు చివరికి. "ఆ మాట ఎవరికీ చెప్పద్దు. ఇప్పుడు పోయి తప్పు నాదే అంటే నిన్ను చూసి నవ్వుతారు, నన్ను చూసి నవ్వుతారు."

"గంగులమ్మ సంగతి?"

"వేరే బడి చూసుకుంటుందిలే."

"నీళ్లు మార్చిందని చెప్పి పంపినారు. ఏ బడి వాళ్లు పెట్టుకుంటారు?"

పక్కన హోంవర్కు చేసుకుంటున్న కమలిని తలెత్తింది. "గంగులమ్మ ఏం చెయ్యలేదామ్మా అయితే?"

"నువ్వు రాసుకో."

"పోయిన వారం నాకు ఆయాసం వచ్చినప్పుడు గంగులమ్మే నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని బ్యాగులోని ఇన్హేలర్ పట్టించింది. టీచర్ భయపడి బయటికి పోయింది."

గోదాదేవి గోడ వదిలి నిటారుగా కూర్చుంది. "ఎప్పుడు? నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు బడికి పంపవని."

"ఇంకేం దాచినావు? ఇంకెన్నిసార్లు వచ్చింది?"

"అంతే అమ్మా. ఒట్టు."

గోదాదేవికి ఆ రాత్రి నిద్ర లేదు. తప్పు చేశానన్న బాధ ఉంది. అబద్ధమెందుకు, దానికన్నా పెద్ద బాధ ఇంకొకటి ఉంది. రేపు బడిలో పిల్లకు ఊపిరి ఆడకపోతే ఒళ్లో కూర్చోబెట్టుకునే మనిషి లేదు. ఆ మనిషిని పంపేసింది తనే. వరండాలో పిల్ల ఒంటరిగా గుండెలు పట్టుకుని కూర్చున్నట్టు కళ్లకు కట్టింది. తెల్లారగానే పిల్లను బడికి పంపకుండా మోహన ఇంట్లో వదిలేసి, గంగులమ్మ ఉండే కొర్లగుంట వైపు నడిచింది.

గంగులమ్మ ఇల్లు ఒకే గది. గుమ్మంలో నిండు గర్భిణి అయిన కూతురు కాళ్లు చాపుకుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. గోదాదేవిని చూసి కాళ్లు ముడుచుకుని, "అమ్మా, ఎవరో వచ్చినారు," అని లోపలికి కేకేసింది.

గంగులమ్మ వచ్చి చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"బాటిల్దే తప్పు గంగులమ్మా," అంది గోదాదేవి. మాటలు ముందుగా కూర్చుకుని వచ్చింది. ఒక్కటీ గుర్తు రాలేదు. "నేను పేరు కొట్టించినాను, దాని సీలు పగిలిపోయింది. నీళ్లు వాటంతటవే చల్లబడినాయి. నువ్వేం చెయ్యలేదు."

"అది నాకు ముందే తెలుసు కదమ్మా, నేనేం సెయ్యలేదని," అంది గంగులమ్మ. "నువ్వు కొత్తగా సెప్పేదేముండాది?"

"సార్‌కు చెప్తాను. నిన్ను మళ్లీ పిలవమంటాను."

"సెప్పు."

అంత దూరం గబగబా నడిచొచ్చిన గోదాదేవి గొంతు ఎండిపోయి ఉంది. ఇంటికొచ్చిన మనిషికి ముందు నీళ్లిస్తారు; ఎవరింట్లోనైనా ఇస్తారు. ఆమె చూపు తనకు తెలియకుండానే లోపలున్న కుండ మీదికి పోయింది. గంగులమ్మ అది చూసింది.

"నీళ్లు కావాల్నా అని అడగలేదని అనుకోవద్దు," అంది. "అడిగితే నువ్వు వద్దంటావు. ఆ మాట నా కూతురు ముందర వినేదెందుకని అడగలేదు."

కావాలని అంటే నిజంగా తాగాలి. ఆ గుమ్మంలో గోదాదేవికి అంత ధైర్యం చాలలేదు. అక్కడి నుంచి నేరుగా బడికెళ్లింది.

రాజారత్నం విని కిటికీ మూశాడు. "పోయినసారి ఎవరి పేరూ చెప్పనన్నారు. ఈసారి చెప్తాండారు," అన్నాడు.

"నా పేరు చెప్తాండా సార్. తప్పు నాది. అది స్టాఫందరి ముందర మీరు చెప్పాల. లేకుంటే నేనే చెప్తాను."

ఆయన చెప్పలేదు, ఆమే చెప్పింది. స్టాఫు గదిలో గుమ్మం దగ్గరే నిలబడి, కొంగు పిడికిట్లో బిగించి, సీలు సంగతి, పేరు సంగతి చెప్పింది. ఒక టీచరు నవ్వు ఆపుకోలేక పుస్తకం అడ్డం పెట్టుకుంది. గోదాదేవి దాన్ని కూడా చూసింది.

గంగులమ్మ మళ్లీ పనిలోకి వచ్చింది. గోదాదేవి పేరు లేని కొత్త బాటిల్ కొని పంపింది. అన్నం బెల్లు వేళకు ఎందుకైనా మంచిదని గేటు దగ్గర నిలబడి చూసింది. గంగులమ్మ అరలోంచి ఒక్కో బాటిల్ తీసి పిల్లలకు అందిస్తోంది, బిగుసుకున్న మూతలు తిప్పి ఇస్తోంది. కమలిని బాటిల్ మాత్రం అర మీదే ఉంది. కమలినే మునివేళ్ల మీద నిలబడి తీసుకుంది. వేడికి మూత బిగుసుకుపోయినట్టుంది, తిప్పితే రాలేదు. గౌను అంచుతో పట్టి తిప్పింది. రాలేదు. గంగులమ్మ వైపు చాచింది.

గంగులమ్మ చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, గేటు వైపు చూసింది.

"తియ్యి గంగులమ్మా," అంది గోదాదేవి కమ్మీల్లోంచి. "నేను చెప్తాండా కదా."

"వద్దు తల్లీ. నీ పాపను ఒళ్లో కూసోబెట్టుకుంటా, మందు పట్టిస్తా, యాడ పడినా ఎత్తుకుంటా. ఆ బాటిల్ మాత్రం నేను తాకను. నువ్వొచ్చి తియ్యి. గేటు తెరిసే ఉండాది."

గోదాదేవి లోపలికి వెళ్లి మూత తీసింది. సన్నగా ఆవిరి లేచింది. కమలిని ఎత్తి పోసుకుని తాగి, బాగున్నాయమ్మా అంది.

అప్పటి నుంచి అన్నం బెల్లు కొట్టే వేళకు గోదాదేవి బడికి వెళ్తోంది. తోవలో మోహన కనిపిస్తే, "డ్యూటీకా అక్కా?" అంటుంది. కొన్నాళ్లకు గేటు లోపల, చింతచెట్టు నీడ పడేచోట, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. ఎవరు వేశారని అడిగితే ఎవరూ చెప్పలేదు. గంగులమ్మ అటు వరండాలో పిల్లలను వరసలో నిలబెడుతోంది, ఇటు తల తిప్పలేదు.

గోదాదేవి కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగింది. కాళ్లు నాలుగూ గట్టిగా ఉన్నాయో లేదో ఊపి చూసింది. ఆ తరువాతే కూర్చుంది.